సూక్ష్మ చిత్రాలకు సన్నని కుంచె: కొనేముందు ఏం చూడాలి, ఏ పనికి దేన్ని ఎంచుకోవాలి

తిరుపతి గాంధీ రోడ్డు పరిసరాల్లోని స్టేషనరీ దుకాణాల్లో గానీ, చిత్తూరు బజారులో గానీ సన్నని పనికి కుంచె అడిగేవారిలో ఎక్కువమంది నోట వచ్చే మాట ఒక్కటే: "అన్నిటికన్నా సన్నది ఇవ్వండన్నా." దుకాణదారు మూడు సున్నాల కుంచెనో, ఐదు సున్నాల కుంచెనో తీసి చేతిలో పెడతాడు. ఇంటికి వచ్చి పోస్టుకార్డు అంత కాగితం మీద శ్రీవారి ముఖం గీయబోతే, కనురెప్ప గీత సగానికి రాకముందే రంగు ఆగిపోతుంది. మళ్ళీ ముంచి అతికించిన గీత అతికించినట్టే కనిపిస్తుంది. లోపం చేతిదని అనుకుని మరింత సన్నని కుంచె కోసం వెతికేవారు చాలామంది. నిజానికి సన్నని గీతను ఇచ్చేది కుంచె మందం కాదు, దాని కొన. ఆ కొనకు ఎడతెగకుండా రంగు అందించేది కొనకు వెనుక ఉన్న పొట్ట. అందువల్ల సూక్ష్మ చిత్రాల కుంచెలను పోల్చేటప్పుడు పిడి మీది సంఖ్యను చివర చూడాలి. ముందుగా చూడవలసినవి కొన, పొట్ట, వెంట్రుక వంగి మళ్ళీ నిలిచే గుణం, ఆ తరువాత వెంట్రుకలను పిడికి బిగించే లోహపు కట్టు.

సంఖ్యల సంగతి ముందే చెప్పి పక్కన పెట్టడం మంచిది. గుండ్రని కుంచెలకు 1, 2, 3 అని పెరిగే సంఖ్యలు, సున్నా నుంచి కిందికి 00, 000 అని తగ్గే సంఖ్యలు అన్ని కంపెనీలకూ ఉన్నాయి. కొందరు మూడు సున్నాలను 3/0 అని, పది సున్నాలను 10/0 అని రాస్తారు. అయితే ఈ సంఖ్యలకు ప్రపంచమంతటికీ వర్తించే కొలత ఏదీ లేదు. ఒక కంపెనీ 0 మరొక కంపెనీ 1తో సమానంగా ఉండవచ్చు. ఒకే కంపెనీలో రెండు వేర్వేరు వరుసల 1 సంఖ్య కుంచెలు కూడా ఒకే లావు ఉండకపోవచ్చు. కాబట్టి "నేను డబుల్ జీరో వాడతాను" అని ఒకరు చెప్పిన మాటను నమ్మి ఇంకో కంపెనీ డబుల్ జీరో కొనడం వల్ల ప్రయోజనం లేదు. పక్కపక్కన పెట్టి, లోహపు కట్టు దగ్గర వెంట్రుకల కుచ్చు ఎంత లావుందో, బయటికి ఎంత పొడవుందో కంటితో చూసుకోవడమే సరైన పోలిక.

కుంచె పనిచేసే తీరు తెలిస్తే పరీక్షలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారి కలం చూసినవారికి దీన్ని వివరించడం సులువు. వెదురు పుల్ల కొన చెక్కి, దానికి కొంచెం పైన ఉన్నిని చుట్టి దారంతో బిగిస్తారు. కసిమి అనే నల్లని రంగు ద్రవం ఆ ఉన్నిలో నిలుస్తుంది. వేళ్ళతో ఉన్నిని మెల్లగా నొక్కుతూ పోతే ద్రవం పుల్ల వెంట కొనకు జారి, గీత తెగకుండా సాగుతుంది. కలంలో నిల్వ ఒకచోట, గీత ఒకచోట. మంచి కుంచెలో ఈ రెండు పనులనూ ఒకే కుచ్చు చేస్తుంది. వెంట్రుకల మధ్య సందుల్లో నీరు నిలుస్తుంది, కొన కాగితాన్ని తాకగానే కాగితం ఆ నీటిని లాగుతుంది, వెనుక నుంచి మళ్ళీ నీరు కొనకు దిగుతుంది. వెనుక నిల్వ లేని కుంచెకు కొన ఎంత సన్నగా ఉన్నా ఉపయోగం లేదు. రాయలసీమ ఎండల్లో ఈ మాట మరీ నిజం. మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని మూడు సున్నాల కుంచెతో పనిచేస్తే, పళ్ళెం నుంచి కాగితం దగ్గరికి చేయి వచ్చేలోపే కొన మీది రంగు ఆరిపోవడం మొదలవుతుంది. అదే రంగును కొన బాగున్న 1 సంఖ్య కుంచెతో తీసుకుంటే, లోపలి తడి కొనను తడిగా ఉంచుతుంది.

ఇక దుకాణంలో పరీక్షించే పద్ధతి. కొత్త కుంచెలు చూడడానికి అన్నీ సూదుల్లాగే ఉంటాయి, ఎందుకంటే రవాణాలో వెంట్రుకలు చెదరకుండా తయారీదారులు నీటిలో కరిగే పలచని జిగురు పట్టించి కొనను మలుస్తారు. ఆ గట్టి కొనను చూసి కుంచె మంచిదని నిర్ణయించడం కుదరదు. అందువల్ల ఒక గ్లాసు నీళ్ళు అడగక తప్పదు. "అన్నా, కొంచెం నీళ్ళిస్తే ముంచి చూసుకుంటాను" అంటే మంచి కుంచెలు అమ్మే దుకాణదారు అభ్యంతరం చెప్పడు. వద్దన్నచోట ఖరీదైన కుంచె కొనకపోవడమే మేలు. చవక కుంచెకు ఈ పట్టుదల అవసరం లేదు, కానీ వందలు, వేలు పెట్టి కొనేదాన్ని పొడిగా చూసి కొనకూడదు.

నీళ్ళలో ముంచి, గ్లాసు అడుగుకు ఒత్తకుండా మెల్లగా అటూ ఇటూ ఆడించి, జిగురు పూర్తిగా కరిగేదాకా ఆగాలి. ఆ తరువాత కుంచెను బయటికి తీసి, మణికట్టుతో ఒక్కసారి విదిలించాలి. వేళ్ళతో గానీ పెదవులతో గానీ కొనను సవరించకూడదు. కుంచె తనంతట తాను ఏ ఆకారానికి వస్తుందో చూడడమే పరీక్ష. మంచి కుంచె ఒక్క విదిలింపుతో ఒకే కొనకు వస్తుంది. రెండు కొనలుగా చీలినా, పక్కకు ఒక వెంట్రుక పొడుచుకు వచ్చినా, చివర సూదిగా కాకుండా చిన్న మొద్దులా ఆగినా, మరో రెండుసార్లు ముంచి విదిలించి చూడండి. మూడోసారికి కూడా మారకపోతే పక్కన పెట్టి, అదే పెట్టెలోని ఇంకో కుంచె అడగండి. ఒకే కంపెనీ, ఒకే వరుస, ఒకే సంఖ్యలో కూడా రెండు కుంచెలు ఒకేలా ఉండవు, ముఖ్యంగా సహజ వెంట్రుకలతో చేసినవి. అందుబాటులో నాలుగు ఉంటే నాలుగూ తడిపి, ఒకటి ఎంచుకోవడం తప్పేమీ కాదు.

నగల వ్యాపారులు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి జేబులో ఉంటే ఈ దశలో చాలా ఉపయోగపడుతుంది. దానితో తడి కొనను చూస్తే వెంట్రుకల చివరలు సహజంగా సన్నబడ్డాయా, కత్తెరతో కత్తిరించారా అన్నది తెలిసిపోతుంది. వెంట్రుక తన సొంత కొనతో బయటికి ఉండాలి. పని తెలిసినవాళ్ళు ఆకారం తేవడానికి కొనలను ఎన్నడూ కత్తిరించరు. వెంట్రుకలను కొనలు కిందికి వచ్చేలా చిన్న లోహపు గిన్నెలో వేసి, తట్టి తట్టి ఆకారం తెచ్చి, దారంతో కట్టి, లోహపు కట్టులోకి దూర్చి, వెనుక భాగాన్ని జిగురుతో బిగిస్తారు. కత్తిరించిన కుచ్చు పొడిగా ఉన్నప్పుడు చక్కగా గుండ్రంగా కనిపిస్తుంది, తడిస్తే మాత్రం కొన రాదు.

తరువాతి పరీక్ష బొటనవేలి గోరు మీద. తడి కుంచెను గోరు మీద పక్కకు మెల్లగా వంచి వదిలితే, వెంట్రుకలు వెంటనే నిటారుగా లేవాలి. వంగినచోటే ఉండిపోతే ముత్యాల హారం వంటి పనికి ఆ కుంచె పనికిరాదు. ఈ ముత్యాల ఉదాహరణ కొంచెం దగ్గరగా చూడాలి. అలమేలుమంగమ్మ చిత్రంలో హారానికి వరుసగా తెల్లని చుక్కలు పెట్టేటప్పుడు ప్రతి చుక్కకూ కొన కాగితాన్ని తాకి, కొద్దిగా ఒరిగి, మళ్ళీ పైకి లేస్తుంది. లేచిన ప్రతిసారీ కొన నడిమికి రాకపోతే రెండో చుక్క మొదటి చుక్కకు ఎడంగా పడుతుంది, నాలుగో చుక్క కోడిగుడ్డు ఆకారానికి మారుతుంది, పది చుక్కలయ్యేసరికి హారం వంకర పోతుంది. కంటికి కనిపించే తప్పు చుక్కది, కారణం కుంచె తిరిగి నిలవకపోవడం.

దుకాణంలో కాగితం ఉంటే చివరి పరీక్షగా తిరునామం గీయండి. పక్క గీతను పైన వెంట్రుకవాసి సన్నగా మొదలుపెట్టి, దిగుతూ కొద్దిగా ఒత్తి వెడల్పు చేసి, అడుగున మళ్ళీ సన్నగా ముగించాలి. నీళ్ళతో గీసినా గీత కనిపిస్తుంది. ఈ ఒక్క గీతలో కొన, పొట్ట, తిరిగి నిలిచే గుణం మూడూ తేలిపోతాయి: మొదలు లావుగా ఉంటే కొన లేదు, మధ్యలో తెగితే పొట్ట లేదు, చివర సన్నబడకుండా తోకలా లాగితే వెంట్రుకకు బలం లేదు. చింతగింజంత ముఖం మీద నామం దిద్దేవారికి ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

ఇప్పుడు వెంట్రుకల మధ్య పోలికకు వద్దాం. సూక్ష్మ చిత్రాలకు కొలిన్‌స్కీ సేబుల్ అన్నిటికన్నా ఉత్తమమని ప్రపంచమంతటా చిత్రకారులు చెబుతారు, ఆ మాటలో అతిశయోక్తి లేదు. ఇది సైబీరియా, ఈశాన్య చైనా, కొరియా ప్రాంతాల్లో తిరిగే ఒక చిన్న మాంసాహార జంతువు తోక వెంట్రుక. శీతకాలపు మగ జంతువు తోకకు విలువ ఎక్కువ. ఈ వెంట్రుక మొదట సన్నగా, మధ్యలో లావుగా, చివర అతి సన్నగా ఉంటుంది. అలాంటివి వందల కొద్దీ ఒక కట్టుగా చేరినప్పుడు మధ్యలో పొట్ట, చివర కొన సహజంగానే ఏర్పడతాయి. పైగా వెంట్రుక ఉపరితలం మీద ఉండే సూక్ష్మమైన పొలుసులు నీటిని పట్టి ఉంచి మెల్లగా విడుస్తాయి. ఇంగ్లండులో విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ విక్టోరియా రాణి కోరిక మీద 1866లో మొదలుపెట్టిన ఏడో వరుస (సిరీస్ 7) కుంచెలు ఈ రకానికి పేరుపొందినవి. ఆ వరుసలోనే వెంట్రుక పొట్టిగా ఉండే ప్రత్యేక సూక్ష్మచిత్ర కుంచెలు కూడా దొరుకుతాయి. ఫ్రాన్సుకు చెందిన రాఫేల్, జర్మనీకి చెందిన దా విన్చి, స్పెయిన్‌కు చెందిన ఎస్కోడా కూడా ఇదే స్థాయిలో చెప్పుకోదగినవి.

అయితే కొలిన్‌స్కీ కొనేముందు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఈ జంతువులు ఎక్కువగా అడవిలో పట్టినవే కావడం వల్ల వెంట్రుకల నాణ్యత ఒక్కో సరుకుకు ఒక్కో రకంగా ఉంటుంది, కాబట్టి పేరున్న కంపెనీ అయినా పైన చెప్పిన నీటి పరీక్ష మానకూడదు. రెండోది చట్టపరమైనది. ఈ జంతువు మన హిమాలయాల్లోనూ ఉంది. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటిస్ మూడో అనుబంధంలో దీన్ని చేర్పించింది భారతదేశమే. అందువల్ల సక్రమంగా దిగుమతి చేసుకుని, బిల్లు ఇచ్చి అమ్మే విక్రేత దగ్గర మాత్రమే కొనాలి. ఎవరో విదేశం నుంచి తెచ్చారని చెప్పి కవరులో చుట్టి ఇచ్చే కుంచెను, ధర ఎంత తక్కువైనా, తీసుకోకూడదు.

రెడ్ సేబుల్ అని ముద్రించినవి అదే కుటుంబానికి చెందిన ఇతర జంతువుల వెంట్రుకలతో చేసినవి. కొలిన్‌స్కీ కన్నా పొట్టిగా, కొంచెం మెత్తగా ఉంటాయి. ధర కూడా తక్కువ. చిన్న సంఖ్యల్లో ఈ తేడా అంతగా తెలియదు గనుక 0, 1 సంఖ్యల్లో మంచి రెడ్ సేబుల్ దొరికితే నీటిరంగులకు నిశ్చింతగా తీసుకోవచ్చు. 4 దాటిన సంఖ్యల్లో మాత్రం తడిపితే బలహీనత బయటపడుతుంది.

ఉడుత తోక వెంట్రుకకు మన దేశంలో సుదీర్ఘమైన చరిత్ర ఉంది. మొఘల్, రాజస్థానీ చిత్రకారులు ఉడుత వెంట్రుకలను పక్షి ఈక కాడలో బిగించి కుంచెలు చేసుకునేవారు. ఆ కుంచెలకు ఒక్కటే వెంట్రుక ఉండేదని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. ఒంటి వెంట్రుకకు రంగు నిలవదు. ఆ కుంచెల కొన ఒక్క వెంట్రుకతో ముగిసేది గానీ, దాని వెనుక నిల్వకు సరిపడా వెంట్రుకలు ఉండేవి. బజారులో దొరికే ఉడుత కుంచెలు ఎక్కువగా రష్యా ప్రాంతపు వెంట్రుకలతో చేసినవి. నీటిని విపరీతంగా పీలుస్తాయి, కొన కూడా చక్కగా వస్తుంది, కానీ తిరిగి నిలిచే గుణం దాదాపు లేదు. చేతిని గాలిలో తేలికగా ఆడించే అలవాటున్న అనుభవజ్ఞుడికి అవి అద్భుతంగా పనిచేస్తాయి; చేతి బరువును కుంచె మీద వేసే కొత్తవారికి ఒక్క గీత కూడా చెప్పినట్టు వినవు. మొదటి కుంచెగా ఉడుత వద్దని నా అభిప్రాయం. ఆకాశం, నేపథ్యం, చీర మడతల్లో పలచని పూత వంటి పనులకు రెండో కుంచెగా తీసుకోవచ్చు.

ముంగిస వెంట్రుక కుంచె విషయంలో పోలిక అవసరమే లేదు, ఎందుకంటే అది నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిస రక్షిత జంతువు. దాని వెంట్రుకలతో చేసిన కుంచెను తయారు చేయడం, అమ్మడం, కొనడం, దగ్గర ఉంచుకోవడం అన్నీ శిక్షార్హమైనవే. గట్టిగా ఉండి, బాగా తిరిగి నిలుస్తాయన్న పేరుతో ఒకప్పుడు వీటికి గిరాకీ ఉండేది. ఉత్తరప్రదేశ్‌లో కుంచెల తయారీకి పేరుపడ్డ షేర్‌కోట్ సహా పలుచోట్ల అధికారులు దాడులు జరిపి సరుకు పట్టుకున్నారు. గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకే వెంట్రుక మీద ముదురు గోధుమ, లేత పసుపు రంగుల పట్టీలు ఒకదాని తరువాత ఒకటి ఉంటాయి. దుకాణంలో పాత పెట్టె అడుగు నుంచి అలాంటిది బయటికి తీసి "ఇది స్పెషల్ సార్" అంటే, చేతిలోకి కూడా తీసుకోకుండా వద్దని చెప్పండి. సింథటిక్ కుంచెల మీద అలాంటి పట్టీలు రంగుతో వేసి అమ్మేవీ ఉన్నాయి; పేరు లేని కుంచెలో ఏది అసలో ఏది నకలో తేల్చుకునే బాధ మనకెందుకు, అలాంటిదాన్ని వదిలేయడమే తెలివి.

కేమెల్ హెయిర్ అనే పేరుతో వచ్చే చవక కుంచెల్లో ఒంటె వెంట్రుక ఉండదు. మేక, పొట్టి జాతి గుర్రం (పోనీ), ఉడుత వంటి వాటి వెంట్రుకలు కలిపి చేస్తారు. పిల్లల బడి పనికి, జిగురు పూయడానికి, చిత్రం మీది దుమ్ము దులపడానికి మంచివే. సన్నని గీతకు కావు.

సింథటిక్ కుంచెల మీద చిన్నచూపు ఉన్నవారు గత కొన్నేళ్ళలో వచ్చినవాటిని వాడి చూడలేదని చెప్పాలి. నైలాన్, పాలిస్టర్ పోగులను కొన వైపు సన్నబడేలా చేసి, రకరకాల మందాలు కలిపి కుచ్చు కడుతున్నారు. కొత్తగా ఉన్నప్పుడు వాటి కొన కొలిన్‌స్కీ కొనకు ఏమాత్రం తీసిపోదు, తిరిగి నిలిచే గుణం కొన్నిసార్లు ఇంకా ఎక్కువగానే ఉంటుంది. లోపాలు రెండుచోట్ల. పోగు నునుపుగా ఉండడం వల్ల నీరు నిలవక, తాకగానే రంగు ఒక్కసారిగా దిగుతుంది. మొదటి అంగుళం తడిసి ముద్దవుతుంది, రెండో అంగుళం పొడిబారుతుంది. రెండోది, కొద్దికాలం వాడాక కొన ఒక పక్కకు కొక్కెంలా వంగుతుంది. వేడినీళ్ళలో కాసేపు ముంచితే కొంత సరిపడుతుంది గానీ మళ్ళీ వంగుతుంది. ఆ వంపు వచ్చాక సన్నని పని నుంచి దాన్ని తప్పించి, రంగులు కలపడానికో, పెద్ద పూతలకో వాడుకోవాలి. అంటే సింథటిక్ కుంచెను కాలం తీరగానే మార్చే వస్తువుగా లెక్కవేసుకోవాలి. వంద రూపాయల అటూ ఇటూ దొరికేదానికి ఈ లెక్క సరిపోతుంది. అదే సింథటిక్‌ను సేబుల్ ధరకు దగ్గరగా అమ్మితే మాత్రం కొనవద్దు.

ఇక్కడే ఒక మోసం గురించి చెప్పాలి. సింథటిక్ సేబుల్, నైలాన్ సేబుల్, సేబుల్ టచ్ వంటి పేర్లున్న కుంచెల్లో సేబుల్ ఉండకపోవచ్చు. పేరులో కొలిన్‌స్కీ అని ఉండి ధర సింథటిక్ స్థాయిలో ఉంటే అనుమానించాలి. అనుమానం తీరాలంటే కుంచె నుంచి రాలిన ఒక్క వెంట్రుకను అగ్గిపుల్ల మంటకు చూపితే చాలు. జంతువు వెంట్రుక జుట్టు కాలిన వాసనతో మాడి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. ప్లాస్టిక్ పోగు కరిగి చివర గట్టి పూసలా ముడుచుకుంటుంది.

వెంట్రుక రకం కన్నా ముందు తేలవలసింది మీరు వాడే రంగు. కాగితం మీద నీటిరంగులు, పోస్టరు రంగులు, గౌష్ అనే మందపాటి నీటిరంగులు వాడేవారికి కొలిన్‌స్కీ పెట్టుబడి సార్థకమవుతుంది, ఎందుకంటే ఆ రంగులు ఆరినా నీటితో కడిగేయవచ్చు. ఆక్రిలిక్ రంగులు అలా కావు; వెంట్రుకల మొదట్లో ఆరితే ప్లాస్టిక్ పొరగా మారి కుచ్చును లోపలి నుంచి విడదీస్తాయి, కొన ఇక కలవదు. ఏర్పేడు దగ్గరి మాధవమాల కొయ్య బొమ్మల వంటివాటి మీద ఆక్రిలిక్‌తో కన్నులు, నగలు దిద్దేవారికి మంచి సింథటిక్ కుంచెలు రెండు మూడు, తరచుగా మార్చుకుంటూ వాడడమే లాభం. కొయ్య, బట్ట, సుద్ద పూత వంటి గరుకు తలాలు ఎలాగూ కొనను త్వరగా అరగదీస్తాయి. కిరీటానికి, మకర కంఠికి వాడే మెరుపు రంగుల్లో అభ్రకపు రేణువులు ఉంటాయి. అవి వెంట్రుకల మధ్య ఇరుక్కుని తరువాతి రంగులో మెరుస్తూ బయటపడతాయి. బంగారు, వెండి రంగులకు విడిగా ఒక సింథటిక్ కుంచె కేటాయించి, దాని పిడికి గుర్తుగా దారం చుట్టి ఉంచండి. బంగారు రేకు అతికించే జిగురుకు కూడా సేబుల్‌ను తాకనివ్వకూడదు.

ఆకారాల్లో మూడు మాత్రమే మన పనికి సంబంధించినవి. మామూలు గుండ్రని కుంచె అన్ని పనులకూ సరిపోతుంది. స్పాటర్ అనే పొట్టి వెంట్రుకల కుంచె చుక్కలకు, కనుపాపకు, ముక్కుపుడక మెరుపుకు బాగుంటుంది. వెంట్రుక పొట్టిది గనుక చేతి వణుకు తక్కువగా తెలుస్తుంది, నిల్వ మాత్రం తక్కువ. లైనర్ లేదా రిగ్గర్ అనే పొడవైన కుంచె చిత్రం చుట్టూ అంచు గీతలకు, లతలకు, చీర అంచు జరీకి పనికొస్తుంది. పొడవు వల్ల నిల్వ ఎక్కువ, కానీ చిన్న వణుకు కూడా కొన దగ్గర పెద్దదవుతుంది. కలంతో పొడవాటి గీతలు లాగడం అలవాటున్న కలంకారీ నేర్చినవారు లైనర్‌కు త్వరగా అలవాటుపడతారు. తక్కినవారు మొదటి ఏడాది దాని జోలికి పోకపోయినా నష్టం లేదు.

లోహపు కట్టును చాలామంది పట్టించుకోరు, కుంచె ఆయువు అక్కడే ఉంది. అతుకు లేని, నికెల్ పూత వేసిన ఇత్తడి కట్టు మంచిది. పలచని అల్యూమినియం రేకును చుట్టి అతికించిన కట్టులో, అతుకు గుండా నీరు లోపలికి పోయి కొయ్య పిడి ఉబ్బుతుంది, ఎండాక ముడుచుకుంటుంది, కొన్ని నెలలకు తల ఊడి గ్లాసులో పడుతుంది. పిడి దగ్గర నొక్కిన గాడులు రెండైనా ఉండాలి. కట్టును ఒక చేత్తో, పిడిని ఇంకో చేత్తో పట్టి మెల్లగా తిప్పి చూడండి, ఏమాత్రం కదిలినా వద్దు. పొడి కుచ్చును రెండు వేళ్ళతో తేలికగా లాగినప్పుడు ఒకటి రెండు వెంట్రుకలు రావడం సహజం. ఐదారు వస్తే వెంట్రుకలు కట్టులో లోతుగా దిగలేదని అర్థం. పిడి పొడవు, రంగు చేతి అలవాటును బట్టి చూసుకోవలసినవి. సన్నని పిడి గంటల తరబడి పట్టుకుంటే వేళ్ళు నొప్పి పుడతాయి, అంతే.

డబ్బు సంగతి. కొత్తగా నేర్చుకునేవారు, తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శిల్ప శిక్షణ సంస్థలో సంప్రదాయ చిత్రలేఖనం చదువుతున్నవారి వంటి విద్యార్థులు, మంచి కంపెనీ సింథటిక్ గుండ్రని కుంచెలు 0, 2 సంఖ్యల్లో ఒక్కొక్కటి, రంగులు కలపడానికి పాత కుంచె ఒకటి పెట్టుకుంటే చాలు. పన్నెండు కుంచెల సెట్టు చౌకగా కనిపిస్తుంది గానీ, అందులో పనికొచ్చేవి రెండు మూడుకు మించవు, తక్కినవి డబ్బాలో అలంకారంగా మిగులుతాయి. నీటిరంగుల్లో చేయి కుదిరి, చిత్రాలు అమ్మడం మొదలుపెట్టినవారు కొలిన్‌స్కీలో ఒకే ఒక్కటి, 1 సంఖ్య, కొనుక్కోవాలి. దాని ధర వెయ్యి రూపాయలు దాటడం మామూలే. కానీ జాగ్రత్తగా వాడితే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, ఆ లోపు సింథటిక్ కుంచెలు ఎన్ని మారుస్తామో లెక్కవేస్తే ధరలో తేడా తగ్గిపోతుంది. మూడు సున్నాల కొలిన్‌స్కీ కొనడానికి మాత్రం తొందరపడవద్దు. 1 సంఖ్య కొనతో గీయలేని గీత మీ చిత్రంలో నిజంగా ఉందని తేలాకే దాని అవసరం. ఒకే డబ్బుతో మూడు మధ్యరకం సేబుల్ కుంచెలు కొనాలా, ఒక ఉత్తమమైనది కొనాలా అని అడిగితే, ఒకటే కొనమంటాను.

కొలిన్‌స్కీ రకాలు మన ఊరి దుకాణాల్లో అన్ని వేళలా దొరకవు. చెన్నై మూడు నాలుగు గంటల దూరం గనుక, అక్కడి చిత్రకళా సామగ్రి దుకాణానికి వెళ్ళి తడిపి చూసి కొనడం మొదటి మార్గం. ఆన్‌లైన్‌లో కొనేవారు వస్తువు వాపసు తీసుకునే నిబంధన ఉన్నచోటే కొనాలి. పార్సిల్ రాగానే కొనకు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం సరిగ్గా ఉందా, దాని వల్ల వెంట్రుకలు మడత పడ్డాయా అని చూసి, ఫొటో తీసి, ఆ తరువాతే తడపాలి. మడతపడ్డ వెంట్రుకలు తడిపాక సరిపడితే ఉంచుకోండి, లేకపోతే ఆ రోజే తిప్పి పంపండి. రంగు అంటిన కుంచెను ఎవరూ వాపసు తీసుకోరు. ఆ గొట్టాన్ని తిరిగి తొడగడం కూడా జాగ్రత్తగా చేయాలి. తొడిగేటప్పుడు ఒక్క వెంట్రుక వెనక్కి మడిచినా కొన శాశ్వతంగా చెడుతుంది, కాబట్టి ఇంట్లో నిల్వకు గొట్టం లేకపోయినా ఫరవాలేదు.

సహజ వెంట్రుకను ఎంచుకున్నవారు దాని పోషణ ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. రంగు లోహపు కట్టు వరకు ఎక్కనివ్వకూడదు. కుచ్చులో సగం వరకే ముంచాలి. పని అయ్యాక చల్లని నీళ్ళతో, మెత్తని సబ్బుతో అరచేతిలో కడిగి, కొన తీర్చి, పడుకోబెట్టి ఆరనివ్వాలి. తడి కుంచెను నిలబెడితే నీరు కట్టులోకి దిగి జిగురును వదులు చేస్తుంది. వేడినీళ్ళు కూడా అదే పని చేస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో డబ్బాలో మూసి ఉంచిన సేబుల్, ఉడుత కుంచెలను పురుగులు కొరికేస్తాయి. పూర్తిగా ఆరిన తరువాతే డబ్బాలో పెట్టి, గుడ్డలో కట్టిన కలరా ఉండలు ఒకటి రెండు పక్కన వేసి, వారానికి ఒకసారి తెరిచి చూడాలి. సింథటిక్ కుంచెకు ఈ బెడద ఏదీ లేదు. వానాకాలంలో నెలల తరబడి కుంచె పట్టని అలవాటున్నవారు సేబుల్ జోలికి వెళ్ళకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.